మట్టి తీసే చెయ్యి

మట్టి పరీక్ష మంచీచెడూ ల్యాబు కంటే ముందే, మట్టి తీసే చేతిలో తేలిపోతుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పైమట్టిని వాన కిందికి దించేస్తుంది. ఒకే వాలులో పైన రాళ్లు తేలితే కింద మెత్తటి మట్టి పేరుకుంటుంది. అందుకే క్షేత్ర సహాయకుడు ఆకుచెత్త పక్కకు తీసి, పంట నేలైతే 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంత తవ్వి, చెట్లున్నచోట ఇంకా లోతుకు పొరపొరకూ నమూనా విడిగా కడతాడు. నమూనా మీది చీటీ మారితే ఏ యంత్రమూ దిద్దలేదు.

ఉపగ్రహాలుండగా కొండెక్కడం ఎందుకంటారా? దట్టమైన అడవిలో వాటికి కనబడేది చెట్ల తలలే. కింది మట్టిలోని సేంద్రియ కర్బనం కాదు. పోడు చేసే సవర, జాతాపు రైతులకు తెలియనిదా అంటే, ఏ వాలున చోడి పండుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఆ అనుభవానికి కొలత తోడైతే ఎరువు సలహా గట్టిగా నిలుస్తుంది. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డుల్లోని అంకెలకూ నమూనాయే పునాది. ఆ పునాది వేసేవాణ్ని చిన్న ఉద్యోగి అని తీసిపారేయడం సబబు కాదు.