గుర్రానికున్న ధ్యాస

దివ్యఖుర్ఆన్ 100వ సూరా ‘అల్ ఆదియాత్’లో అల్లాహ్ రొప్పుతూ పరుగెత్తే గుర్రాలపై ప్రమాణం చేసి, ఆ వెంటనే మానవుని కృతఘ్నతను ప్రస్తావించాడు. ఈ రెంటికీ సంబంధమేమిటి?

పాకాల జంక్షన్ లాంటి మన ఊళ్ళలో జట్కాల కాలం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. తోలే సాయిబు గొంతు వినగానే గుర్రం చెవులు అటు తిరిగేవి. కళ్ళెం కాస్త వదులైతే చాలు, కదిలేది.

1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలకు జవాబులు గిట్టతో తట్టి చెబుతుంటే జనం విడ్డూరంగా చూశారు. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో గుట్టు విప్పాడు. దానికి లెక్కలు రావు. సరైన సంఖ్య రాగానే అడిగినవాని తల రవ్వంత కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. (మోసమేమీ లేదు, ఆ సంగతి యజమానికే తెలియదు!)

యజమాని పెట్టేది గుప్పెడు దాణా. ఆ దాణాను పుట్టించినవాడు అల్లాహ్. అయినా గుర్రానికి యజమాని మీద అంత ధ్యాస. మన ప్రభువు సైగతో సరిపెట్టలేదు, రోజుకు ఐదుసార్లు బిగ్గరగా పిలిపిస్తున్నాడు. ఫజ్ర్ అజాన్ వేళ మన ఇంట్లో ఎవరి చెవులు అటు తిరుగుతున్నాయి?

పిల్లల విషయంలో ఒక్కమాట. కొట్టి లొంగదీసిన గుర్రం మనిషిని చూడగానే చెవులు వెనక్కి వాల్చుకుంటుంది. వారిని నమాజుకు లేపేటప్పుడు మన గొంతు ఎలా ఉందో చూసుకుందాం.