తీతువు అరిస్తే

నారాయణఖేడ్ నుంచి మంజీర నది వైపు వెళ్తుంటే, సింగూరు జలాశయం నీళ్లు తగ్గిన ఒండ్రు నేలల్లో ఒక పిట్ట కనిపిస్తుంది. సన్నటి పసుపు కాళ్లతో నాలుగడుగులు పరిగెత్తి, టక్కున ఆగి, ముక్కు దించి పురుగును పట్టేస్తుంది. అదే తీతువు. తల, రొమ్ము నలుపు, వీపు మట్టి రంగు. ముక్కు ఎరుపు, దాని కొస నలుపు. కంటి ముందు ఎర్రటి కండ. సముద్రతీరపు బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలకు ఇది చుట్టమే. కాకపోతే దీనికి సముద్రం అక్కర్లేదు, చెరువు గట్టో బీడు భూమో ఉంటే చాలు.

రాత్రిపూట ఇది అరిస్తే కీడని మన పెద్దలకు భయం. పాపం, దాని గోల దానిది! గూటి దగ్గరికి కుక్కో నక్కో మనిషో వస్తే ఊరుకోదు, నెత్తిమీద చక్కర్లు కొడుతూ అరిచి అరిచి తరిమేస్తుంది. నిజానికి అది గూడు కూడా కాదు. నేల మీద చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, అందులో సాధారణంగా 4 గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలుంటాయి కాబట్టి పక్కనే నిలబడ్డా కనబడవు.

ఎండాకాలంలో గుడ్లు ఉడికిపోకుండా తల్లీతండ్రీ వంతులేసుకుని నీడ పడతాయి. నీళ్లకు వెళ్లి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్ల మీద కూర్చుంటాయి. దాదాపు నెల రోజులకు పిల్లలు బయటపడతాయి. ఒళ్లు ఆరగానే నడక మొదలుపెట్టి, తిండి అవే వెతుక్కుంటాయి.