మీవాడు ఏ స్కూలు?

పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ పూర్వం "మీవాడు ఎన్నో క్లాసమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు "మీవాడు ఏ స్కూలు?" అంటున్నారు. మొగుడి జీతం ఎంతని అడిగితే మర్యాద కాదు గాని, స్కూలు పేరడిగితే తప్పులేదు. ఆ ఒక్క ప్రశ్నతోనే అవతలివారి జీతం, హోదా, ఆశలు అన్నీ తెలిసిపోతాయి. "గవర్నమెంటు స్కూలేనండీ" అనేటప్పుడు ఏ తల్లి గొంతయినా కాస్త తగ్గుతుంది. ఎందుకు తగ్గాలి?

మన తాతలూ తండ్రులూ చాలామంది చదివింది బోర్డు స్కూళ్లలోనే. కరణంగారబ్బాయీ పాలేరు కొడుకూ ఒకే బెంచీ మీద చదువుకున్నారని చెప్పుకుని మురిసిపోతూంటాం. ఆ పాలేరు కొడుకు చాలా ఊళ్లలో బెంచీ దాకా రానేలేదన్న సంగతి మాత్రం మరచిపోతాం. ఆ లోపం సరిదిద్దాలనే, 1966లో కొఠారీ కమిషను, ఒక పేటలోని పిల్లలందరూ, కులమూ డబ్బూ చూడకుండా, ఆ పేట బడిలోనే చదవాలని చెప్పింది. 1968 జాతీయ విద్యావిధానం కూడా సరేనంది. అనడంతోనే సరిపోయింది! ఎవరి తాహతుకు తగ్గ బడి వాళ్లకి వెలిసింది.

పోనీ, డబ్బు పోసిన చోటయినా చదువు వస్తోందా? ప్రథమ్ సంస్థ 2018లో పల్లెటూళ్లలో జరిపిన 'అసర్' సర్వే చూడండి. అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు ప్రభుత్వ బడుల్లో నూటికి 44 మంది, ప్రైవేటు బడుల్లో 65 మంది. తేడా ఉంది, కాదనను. కాని ఆ తేడాలో ఇంట్లో కూర్చోబెట్టి చదివించే తల్లి వాటా ఎంత, ట్యూషను మాస్టారి వాటా ఎంత? పైగా ఫీజు కట్టినా ముగ్గురిలో ఒకరికి పాఠం చదవడం రాలేదు. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి అప్పుచేసి మరీ తన కొడుకుని "ఇంగ్లీషు కాన్వెంటు"కి పంపిస్తుంది. ఆమె కొనుక్కుంటున్నది చాలాసార్లు టై, బూట్లు, బెల్టూ మాత్రమే.

సర్కారు బడి టీచర్లకి చదువు లేదా? ట్రైనింగయి, పోటీ పరీక్ష నెగ్గి వచ్చినవాళ్లు. చిన్న ప్రైవేటు స్కూళ్లలో చాలాచోట్ల అంత చదువూ లేదు, అందులో నాలుగోవంతు జీతమూ ఉండదు. మరి లోపం ఎక్కడ?

వీధి కుళాయి సంగతి గుర్తు తెచ్చుకోండి. వీధిలో అందరూ ఆ నీళ్లే పట్టుకున్నన్నాళ్లూ, ఒకపూట నీళ్లు రాకపోతే వకీలుగారి భార్య మునిసిపాలిటీకి కబురుపెట్టేది. మర్నాటికి మనిషి వచ్చేవాడు. ఇంటింటా బోర్లు పడ్డాక కుళాయి దగ్గర మిగిలినవాళ్లు నోరులేని వాళ్లే. బిందెలు పెట్టుకు కూర్చోవడం తప్ప వాళ్లేం చెయ్యగలరు? బడి విషయంలో జరిగిందీ ఇదే. అడగగలిగిన వాళ్లం మనం వచ్చేశాం. 2015లో అలహాబాద్ హైకోర్టు, ఖజానా నుంచి జీతం తీసుకునే వాళ్లంతా తమ పిల్లల్ని సర్కారు బడికే పంపేలా చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా ఇందుకే. అది అమల్లోకి రాలేదు.

"అయితే మా పిల్లాణ్ణి బలిపెట్టమంటారా?" అంటారు. అనను. పిల్లవాడికి చిన్నతనం ఒక్కసారే వస్తుంది. దాంతో ప్రయోగాలు చేసే హక్కు తల్లికి కూడా లేదు. ఒక్క ఇల్లాలు తన కొడుకుని తీసుకెళ్లి చేర్పించినంతమాత్రాన బడి బాగుపడదు. వీధంతా కదిలితే బాగుపడుతుంది, కాని ముందు కదిలేదెవరు?

కాని మన బిడ్డకి ఏ నష్టమూ లేని చోట కూడా మనం వెనకాడుతున్నాం. అది మాత్రం తప్పు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ప్రైవేటు స్కూళ్లు మొదటి తరగతిలో నాలుగోవంతు సీట్లు పేదపిల్లలకి ఇవ్వాలంది. సుప్రీంకోర్టు 2012లో సరేనంది. అమలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంది. ఇంతకీ, "ఆ పిల్లలతో కలిస్తే మావాడికి మాటలు పాడవుతాయి" అనే తల్లుల మాటేమిటి? పక్కన ఇంకో పిల్లవాడు కూర్చుంటే లెక్కలు రాకుండా పోవు గదా! అదీ వద్దంటే, మనం అంత ఫీజు కట్టి కొంటున్నది చదువేనా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇంకొక్క సంగతి. అదే చట్టం ప్రకారం సర్కారు బడికి ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే, సగంమంది ఆడవాళ్లే ఉండాలి. మధ్యాహ్నం అన్నం ఎలా ఉంది, మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, మాస్టారు వస్తున్నారా అని అడిగే హక్కు వాళ్లది. ఆ సంగతి మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి తెలుసా? తెలియకపోతే చెప్పండి. మీటింగు ఉన్న పూట పనిలోకి రాకపోతే జీతం కొయ్యకండి. వెళ్లి వచ్చాక ఏం జరిగిందో అడగండి. అర్జీ రాయాల్సి వస్తే మీరు రాసిపెట్టండి.