మచ్చిక

మన భాషలో మచ్చిక యను మాటకు రెండర్థములు గలవు. ప్రేమయు మచ్చికయే, మృగమును లోబఱచుకొనుటయు మచ్చికయే. ఒకరి కొకరు మచ్చికపడి రన్నచో స్నేహము స్ఫురించును. కోడెను మచ్చిక చేసి రన్నచో కాడి స్ఫురించును. ఈ రెండును ఒక్క మాటలో నెట్లు కాపురముండగలిగెనో నిఘంటువు చెప్పదు. వేటకాండ్రు మచ్చిక చేసిన పక్షిని దీమముగా నిలిపి, దాని కూతచే తక్కిన పక్షులను వలలోనికి రప్పింతురు. ఆ పక్షికి వేటకానియందు భయము లేదు. అయినను దానిని ప్రేమ యనుటకు నోరాడదు.

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో పూర్వము ఎన్నో యిండ్ల వసారాలలో చిలుకపంజరము వ్రేలాడుచుండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన చిలుకలను పట్టుటయు నమ్ముటయు నేరమైనది. ఇప్పుడు పట్టణములలో కొందఱు పిల్లలు తల్లిదండ్రులను వేధించి కొనిపించుకొనునది గినీపంది. దాని పేరే యబద్ధము. అది గినీదేశపుది కాదు, పందియు కాదు. దక్షిణామెరికాలోని ఆండీసు పర్వతముల జనులు వేలయేండ్ల క్రిందటనే యాహారముకొఱకు పెంచిన చిన్నప్రాణి. 16వ శతాబ్దమున స్పెయినువారి యోడలతో ఐరోపాకు చేరినది. 1882లో క్షయక్రిమిని ప్రకటించిన రాబర్టు కాక్ తన పరీక్షలకు దీనిని వాడెను. వండుకొని తిన్నవారికిని, కోసి చూచినవారికిని, ముద్దుచేయువారికిని అది యొక్కరీతిగనే మచ్చికయైనది. ఈ సంగతి తలచినపుడు మచ్చిక యను మాటపై నాకు గౌరవము కొంత తగ్గును.

దానిని మచ్చిక చేయుట పెద్దవిద్య కాదు. తెచ్చిన తొలినాళ్లలో ముట్టరాదు. దాగుకొనుటకు చీకటి గూడొకటి యమర్చి, ఎండుగడ్డియు నీరును పెట్టి, ప్రక్కన కూర్చుండి మెల్లగా మాటాడుచుండవలెను. పైనుండి చేయి దింపరాదు. గ్రద్ద పైనుండియే కదా వచ్చును. నేలకు సమముగా అరచేయి చాచి, కొత్తిమీర రెమ్మ పట్టుకొని వేచియుండవలెను. కొన్ని దినములకో కొన్ని వారములకో అది వచ్చి కొఱుకును. పిదప అడుగుల చప్పుడు గుర్తించి కూయును. సంతోషము పొంగినపుడు నిలిచినచోటనే గాలిలోని కెగురును.

ఇంత యోపిక లేనివారు పట్టి యెత్తి యొడిలో పెట్టుకొందురు. అది కదలదు. "చూచితిరా, ఎంత సాధువో!" యని మురియుదురు. ఆ నిశ్చలత సాధుత్వము కాదు. పాఱిపోవ దారిలేని యల్పప్రాణికి శత్రువు కంట బడకుండుటకై కొయ్యబాఱి యుండుట యొక్కటే రక్షణోపాయము. లోపల గుండె తటతట కొట్టుకొనుచునే యుండును. కాళ్లు మాత్రము కదలవు.

మౌన మర్ధాంగీకారమని మన సామెత. ఈ సామెత మన యిండ్లలో నెంత యపకారము చేసినదో చదువరు లెఱుగనిది కాదు. 1929లో శారదాచట్టము వచ్చుటకు ముందును, వచ్చిన పిదప చాలకాలమును, పీటలపై తలవంచి కూర్చున్న బాలిక మౌనమును పెద్దలు సమ్మతి యనిరి. నిజాము కాలమున గడి వాకిట చేతులు కట్టుకొని నిలిచిన వెట్టివాని మౌనమును దొరలు విశ్వాస మనిరి. బెత్తము చూచి నోరు మూసికొన్న తరగతిని మా వృత్తివారు క్రమశిక్షణ యనిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను నిషేధించినను, చప్పుడులేని తరగతిని చూచి ముచ్చటపడువారు నేటికిని గలరు. లోబడినవాడు మాటాడనపుడు ఆ మౌనమునకు అర్థము చెప్పు నధికారము లోబఱచుకొన్నవాని చేతిలో నుండును. అతడు తన కనుకూలమైన యర్థమునే చెప్పును.

"తిండి చూపి రప్పించుకొన్నది ప్రేమ యెట్లగును? అది యాకలియే కదా" యని యడుగవచ్చును. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. కాని కాళిదాసు శాకుంతలమున దీనికొక జవాబున్నది. శకుంతల దీర్ఘాపాంగమను జింకపిల్లను పెంచెను. ఒకనాడు దుష్యంతుడు తామరాకు దొన్నెలోని నీటిని దానికి చూపగా అది దరిజేరలేదు. ఆ నీటినే శకుంతల పట్టగా త్రాగెను. నీరొకటే, దప్పి యొకటే, చేయి వేఱు. కనుక ప్రాణికి కావలసినది నీరుమాత్రమే కాదు. నిండుసభలో తన్నెఱుగనన్న రాజునకు శకుంతల యీ కథనే జ్ఞప్తిచేసెను. ఆ రాజును ఆమెకంటె జింకపిల్లయే ముందుగా గుర్తించెనని నా తలంపు.

భాగవతములోని భరతుని కథ మఱియొక దారి. (తెలుగున నీ పంచమస్కంధము పోతనది కాదు, గంగన రచన.) సింహగర్జనకు బెదరి నది దాటబోయిన తల్లిలేడి గర్భమునుండి జాఱి నీటబడిన పిల్లను ఆ రాజర్షి యెత్తి పెంచెను, దానిపై ధ్యాసతోనే మరణించి జింకయై పుట్టెను. మమకారమునకు ఫలమిదియని పురాణకాలక్షేపములలో చెప్పుదురు. అట్లయిన పిల్లను నీటిలో వదలివేయుట యోగమగునా? భరతుని దోషము ఎత్తుటలో లేదు. అది కంటికి కనబడనపుడెల్ల తల్లడిల్లుటలో నున్నది. దాని క్షేమముకొఱకు గాక తన మనస్సు కుదుటపడుటకై అది దగ్గఱ నుండవలెనని కోరెను.

గినీపందిని వదలివేయుదమన్నను దానికి అడవి లేదు. కవ్వాలు టేకువనములో విడిచినచో నెన్నాళ్లు బ్రదుకును? వేలయేండ్ల పెంపకముచే అది మానవుని గడపకే కట్టుబడినది. దానికి మనమియ్యగల స్వేచ్ఛ మిక్కిలి చిన్నది: గూటికి రెండు ద్వారములుంచి, లోపలనున్నపుడు చేయిపెట్టి లాగకుండుట. దాగుటకు చోటుండియు వెలుపలికి వచ్చి చేతిని మూచూచెనేని, ఆ రాకకు విలువ గలదు.

ఇక బాధ్యతలు. మనవలెనే యిదియు సి విటమినును తన దేహమున తయారు చేసికొనలేదు. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్టు, ఫ్రోలిక్ అనువారు స్కర్వీవ్యాధిని దీనియందే పరిశీలించిరి. కావున నిత్యము పచ్చియాకు కావలెను. వేడికి తాళలేదు, రామగుండము వేసవి 45 డిగ్రీలను ముట్టును. ఒంటరితనమునకును తాళలేదు. స్విట్జర్లాండు 2008లోనే ఒంటి గినీపందిని పెంచరాదని శాసించెను. మన యిండ్లలో పిల్లవాడొక్కడే గనుక జంతువు నొక్కటి చాలునను లెక్క వినబడును.

బఱ్ఱెను పొరుగువారి కొప్పగించి పెండ్లికి పోవచ్చును. దాని మేత యేదో వాడకంతకును తెలియును. దీనికా సౌకర్యము లేదు. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి పోవునపుడు దీని నెవరు చూతురని కొనుటకు ముందే బిడ్డ నడుగవలెను. చూచువారు దొరికినను, వారు చాచిన కొత్తిమీరకు అది వెంటనే రాదు. కొన్నాళ్లు గూటిలోనుండియే ఆ చేతిని చూచుచుండును.