పిష్టపశువూ మీల్ మేకరూ

ఆహారశుద్ధి వల్ల చిత్తశుద్ధి కలుగుతుందన్న ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయపు బోధకు వ్యాఖ్యాతలు రెండు అర్థాలు చెప్పారు. ఇంద్రియాలు లోపలికి గ్రహించే శబ్దరూపాదులన్నీ ఆహారమేనని శంకరులు భావించగా, రామానుజ సంప్రదాయం నోటితో తినే అన్నాన్నే ముందుంచి, పదార్థ స్వభావం వల్ల వచ్చే జాతిదోషం, ఇచ్చేవారిని బట్టి వచ్చే ఆశ్రయదోషం, వెంట్రుకో దుమ్మో పడటం వల్ల వచ్చే నిమిత్తదోషం అని మూడింటిని వేరుచేసి చూపింది. పుట్టుకలో ఏ జంతు సంబంధమూ లేకపోయినా నాలుకకు మాంసాన్ని గుర్తుచేసే సోయా, ఈ రెండు వ్యాఖ్యానాలకూ ఒకేసారి పరీక్ష పెడుతుంది.

చైనా ప్రాంతం నుంచి లోకమంతటా వ్యాపించిన ఈ కాయధాన్యం నేడు ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో వానాకాలపు పంట; దాని గింజలో ఇంచుమించు 40 శాతం ప్రొటీను, 20 శాతం నూనె ఉంటాయి. నూనె తీయగా మిగిలిన పిండిని ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో వేడితో, ఒత్తిడితో నెట్టినప్పుడు పీచుగా, మెత్తగా నమలడానికి వీలైన ఉండలు తయారవుతాయి. తెలుగిళ్ళలో మీల్ మేకర్ అనే ఈ ఉండలే, ఐటీ ఉద్యోగులు అద్దెకుండే మూసాపేట వంటి చోట్ల, కార్తీకమాసంలో మాంసం మానినవారి కూరలోకీ బిర్యానీలోకీ అదే అల్లం వెల్లుల్లితో, అదే గరం మసాలాతో చేరుతాయి. అలా తినేవారు మాంసాన్ని విడిచినట్టా, లేక దాని మీది కోరికను పోషించుకుంటున్నట్టా? కర్మేంద్రియాలను అణచి మనసులో విషయాలనే తలచుకునేవాడు మిథ్యాచారుడని గీత మూడవ అధ్యాయం చెప్పినందువల్ల ఈ సందేహాన్ని తేలికగా తోసిపుచ్చడం కుదరదు.

ఈ ప్రశ్న తెలంగాణ నేలకు కొత్తది కాదు. వేములవాడ చాళుక్యుల ఆశ్రయంలో జైనాచార్యుడు సోమదేవసూరి 959లో గంగాధరలో పూర్తిచేసిన యశస్తిలక చంపువు ఇదే చిక్కును కథగా నడిపింది. దుస్స్వప్న శాంతికి జీవబలి ఇమ్మని తల్లి చంద్రమతి పట్టుబట్టగా, అందుకు ఒప్పుకోని యశోధర మహారాజు చివరకు పిండితో చేసిన కోడిని దేవి ముందు కత్తితో నరుకుతాడు. ఆ పాపానికి అతడు నెమలిగా, తల్లి కుక్కగా పుట్టడంతో మొదలై జన్మపరంపర సాగుతుంది. ప్రాణికి నిజంగా కలిగించే బాధ ద్రవ్యహింస, మనసులో పుట్టే హింసాభావం భావహింస. రక్తం చిందకపోయినా రెండోది కర్మబంధానికి చాలునన్నది జైనుల నిర్ణయం. దీనికి భిన్నంగా మధ్వ సంప్రదాయం, యజ్ఞంలో సజీవ పశువుకు బదులు పిండిపశువును, అంటే పిష్టపశువును, అర్పించడాన్ని అహింసకు మార్గంగా స్వీకరించింది.

సోమదేవుని తీర్పును మీల్ మేకర్‌కు యథాతథంగా వర్తింపజేయడం న్యాయం కాదు. యశోధరుడు చంపే సంకల్పంతోనే కత్తి ఎత్తాడు. సోయా వండేవారిలో ఉన్నది రుచి మీది రాగం మాత్రమే, అది బంధకమే అయినా హింస కాదు. కార్తీకం ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తూ తినేవారికి గీత హెచ్చరిక తగులుతుంది, నిజమే. అయితే వ్రతఫలం దక్కినా దక్కకపోయినా, ఆ పూట తెగని మేక పక్షం నుంచి చూస్తే ఆ మానడం పూర్తిగా సార్థకం, ధర్మవిచారంలో ఆ పక్షానికే మొదటి చోటు దక్కాలి.

దీనికన్నా పెద్ద ప్రశ్న విస్తట్లో కనబడదు. నూనె తీశాక మిగిలే సోయాచెక్కలో మనుషుల తిండిగా మారేది కొద్ది భాగమే. మన దేశంలో వాడే చెక్కలో ఎక్కువ వాటా కోళ్ళ ఫారాలకు దాణాగా పోతుంది. నూనె గానుగ దాటాక ఒకే చేని గింజ ఒక బస్తాలో మాంసానికి ప్రత్యామ్నాయంగా, మరొక బస్తాలో మాంసానికే మూలంగా బయలుదేరుతుంది. గింజలో జాతిదోషం లేదు గనుక, పాత మూడు దోషాల లెక్కలోకి రాని ఈ వినియోగ దోషాన్ని విచారించడం నేటి వ్యాఖ్యాతల బాధ్యత.