వాన తప్పిన యేడు వర్తకుని ధర్మము

కరువు రానున్నదని ముందుగా తెలిసినవాడు ఏమి చేయవలెను? ధాన్యము కొని దాచి, ధర హెచ్చిన పిమ్మట అమ్ముట ఒక మార్గము. ఆకలిగొన్నవారి కొరకు దాచుట మరియొక మార్గము. గిడ్డంగి ఒకటే, ధాన్యము ఒకటే. దాచినవాని ఉద్దేశములోనే భేదమున్నది.

13వ శతాబ్దమున కచ్ఛదేశమందలి భద్రేశ్వరములో జగడూశాహ్ అను జైన వర్తకుడుండెను. మూడేండ్ల కరువు రానున్నదని పరమదేవసూరి హెచ్చరింపగా, ఆయన ముందుగానే ధాన్యము కూడబెట్టి, అది బీదలదని గిడ్డంగులలో వ్రాయించి, కరువు వచ్చినప్పుడు పంచిపెట్టెనని సర్వానందుని 'జగడూచరితము' చెప్పుచున్నది. ఆయన చేసిన దానము కంటె, చేసిన ముందు ఏర్పాటు గొప్పది.

నేటి హెచ్చరిక శాస్త్రజ్ఞుల నుండి వచ్చుచున్నది. భూమి వేడెక్కినకొలది గాలి అధికముగా నీటిని మోయును. అందుచేత వానలు లేని దినములు పొడవగుటయు, వచ్చిన వాన ఒక్కుమ్మడిగా కురియుటయు రెండును పెరుగును. నాందేడు ప్రాంతమునకు ఇది అనుభవమే. 2016 ఏప్రిలులో పొరుగున ఉన్న లాతూరుకు మిరజ్ నుండి రైలులో త్రాగునీరు తేవలసి వచ్చినది. 2025 ఆగస్టులో నాందేడు జిల్లా ముఖేడ్ తాలూకాలో ఊళ్లు వరదలో మునిగి ప్రాణనష్టము కలిగినది.

ప్రభుత్వము ఊరకున్నదనుట న్యాయము కాదు. 2008లో భారత ప్రభుత్వము వాతావరణ మార్పును ఎదుర్కొనుటకు జాతీయ ప్రణాళిక ప్రకటించి, అందలి 8 కార్యక్రమములలో ఒకదానిని వ్యవసాయమునకు కేటాయించినది. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ దేశమందలి జిల్లాలకు విడివిడిగా ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేయించినది. వాన 2 వారములు ఆలస్యమైన ఏమి విత్తవలెను, 4 వారములైన ఏమి, 6 అయిన ఏమి, 8 అయిన ఏమి అని వాటిలో ఉన్నది. నాందేడు జిల్లాకును అట్టిది కలదు. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వము ప్రపంచ బ్యాంకు అప్పుతో నాందేడు సహా 15 జిల్లాలలో కృషి సంజీవని పథకమును ఆరంభించి, సేద్యపు కుంటలకు, బిందుసేద్యమునకు సాయము చేసినది.

అయినను ఒక లోటు మిగిలినది. ఈ ప్రణాళికలన్నియు ముఖ్యముగా రైతుతో మాట్లాడును. రైతు నిర్ణయము మాత్రము తరచుగా వర్తకుని దుకాణములో జరుగును. తొలకరికి సోయాబీను, ప్రత్తి విత్తినాడు, పిమ్మట వాన ముఖము చాటువేసినది, మొలక మాడినది. రెండవసారి విత్తుటకు అప్పుతో దుకాణమునకు వచ్చినాడు. పుస్తకములో సజ్జ, ఆముదము, ప్రొద్దుతిరుగుడు అని వ్రాసియున్నను, ఆ వారమున ఆ విత్తనము దుకాణములో లేనిచో ఆ పుస్తకము వలన ఫలమేమి? ఉన్నను ఆనాడే ధర పెంచినచో రైతు గతి ఏమి? పండించిన సజ్జను, జొన్నను మార్కెట్టులో కొనువారు లేనిచో మరుసటి యేడు ఎవరు విత్తుదురు?

దీనికి వర్తకుడు చెప్పు సమాధానము తేలికగా త్రోసివేయదగినది కాదు. 'వాన సకాలమునకు వచ్చినచో తెచ్చిన విత్తనము మిగిలిపోవును. గడువు దాటినచో అమ్మరాదు. ఆ నష్టమెవరిది?' అని అతడడుగును. నిజమే. రైతు మోయలేని భారమును వర్తకుని ఒక్కనిపై వేయుటయు ధర్మము కాదు. మిగిలిన విత్తనమును తిరిగి తీసికొను ఏర్పాటు ప్రభుత్వ ప్రణాళికలో ఉండవలెను. జిల్లా ప్రణాళిక వ్రాయునపుడు మార్కెట్టువారిని కూర్చుండబెట్టి అడుగవలెను.

అయితే అది జరుగువరకు వేచియుండుట సాకు కారాదు. శ్రావకుని ఐదవ అణువ్రతము పరిగ్రహమునకు హద్దు పెట్టుకొమ్మనుచున్నది. సుభిక్షమున ఆ హద్దు పెట్టుకొనుట సులభము. ధర తనంతట తానే పెరుగుచున్న యేటనే దానికి పరీక్ష.

కనుక మృగశిర కార్తెకు ముందే దుకాణదారుడు చేయదగిన పనులు మూడు కలవు. తాలూకా వ్యవసాయ కార్యాలయమున జిల్లా ప్రణాళికను అడిగి చదువుట. ఆలస్యపు విత్తనము కొలదిగానైనను తెచ్చియుంచుట. రెండవసారి విత్తుటకు వచ్చిన రైతునకు మొదటి ధరకే ఇత్తునని ముందుగానే దుకాణము ముందు వ్రాసిపెట్టుట. జగడూశాహ్ కూడ కరువు రాకముందే వ్రాయించెను.