ట్యూన్ ఎవరిది?

రహమత్ నగర్‌లో మా ప్రాక్టీస్ రూమ్ అంటే మూడో అంతస్తు పైన ఒక రేకుల గది. యూసుఫ్‌గూడ వైపు నుంచి ఆ సందు ఎక్కాలంటే బండి ఫస్ట్ గేర్‌లోకి రావాల్సిందే. సౌండ్ ఆగుతుందని గోడలకి గుడ్ల ట్రేలు అంటించాం. ఆగేది కాదు. రాత్రి తొమ్మిది దాటితే కింది వాటా ఆంటీ మెట్ల దగ్గర నిలబడి కేకేసేది. ఆంప్‌లు ఆపేసి, మా డ్రమ్మర్ స్టిక్స్‌తో తన తొడల మీదే వాయించుకుంటుంటే, మిగతా ప్రాక్టీస్ గుసగుసగా కానిచ్చేవాళ్లం. చుట్టుపక్కల గదుల నిండా జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్ డైరెక్టర్లు. ఫిల్మ్ నగర్ బండి మీద కాసేపట్లో వెళ్లిపోయే దూరం. అక్కడ అందరూ ఆ దూరం గురించే మాట్లాడుకునేవాళ్లు. మేమూ అంతే.

2016లో తెలిసినవాళ్ల షార్ట్ ఫిల్మ్‌కి ఒక పాట చేశాం. ఒకరోజు వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుని డ్రమ్మర్ ఏదో హమ్ చేస్తుంటే నా ఫోన్‌లో రికార్డ్ చేశాను. వాడికి గిటార్ రాదు. కార్డ్స్ నేను వెతికాను, మధ్యలో చరణం నేను కట్టాను, మిక్సింగ్ కూడా నేనే. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు ‘సంగీతం’ అన్నచోట నా పేరు టైప్ చేశాను. ఒక్క పేరే. రెండు రోజుల తర్వాత వాడు చూశాడు. పెద్దగా ఏమీ అనలేదు. “అడిగుంటే ఇచ్చేవాణ్ని కదరా” అన్నాడంతే. నేను మాత్రం చాలా మాట్లాడాను. నాలుగు బార్లు హమ్ చేస్తే ట్యూన్ అయిపోదు, దాన్ని పాటగా నిలబెట్టడం వేరే పని అని వాదించాను. ఆ నెలాఖరుకి రూమ్ ఖాళీ చేశాం. ఇప్పటికీ ఐదు వేల వ్యూస్ దాటని పాట అది.

ఆ తర్వాత ఐదేళ్లు మాటల్లేవు. 2021 మే నెలలో కరోనాతో వాడు పోయాడు. అంత్యక్రియలకి వెళ్లే వీలు కూడా లేని రోజులవి. ఆ రాత్రి మిగిలిన ముగ్గురం కాల్‌లో కలిశాం. “క్రెడిట్ మొత్తం వాడి పేరుకే మార్చేస్తాను, ఇప్పుడే” అన్నాను. మా సింగర్ ఏడుస్తూ “మార్చరా” అన్నాడు. బాసిస్ట్ చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి, “వాడు ఉన్నప్పుడు ఇవ్వంది ఇప్పుడెందుకు ఇస్తున్నావ్? వాడికిస్తున్నావా, నీకు నువ్వు ఇచ్చుకుంటున్నావా?” అని కాల్ కట్ చేశాడు. అంత దుఃఖంలో కొత్త గొడవ ఒకటి మొదలైంది.

పోయినవాళ్లతో పంతాలేంటి అంటారు మన ఇళ్లలో. మంచి మాటే. కానీ ఆ మాటలో నాకు సర్దుకోని ఇబ్బంది ఒకటుంది. వాడు బతికున్నప్పుడు వాడితో వాదించాను, అంటే వాదించదగ్గ మనిషని అనుకున్నాను. పోయాడు కాబట్టి నా వాదన మొత్తం వెనక్కి తీసుకుంటే, వాణ్ని జాలిపడాల్సినవాడిగా మార్చేసినట్టే. పైగా ‘అదంతా చిన్న విషయంలే’ అంటే, ఆ చిన్న విషయానికి వాడు ఐదేళ్లు పడ్డ బాధ కూడా చిన్నదైపోతుంది. పోనీ, నా వాదన మీదే నిలబడదామంటే జవాబు చెప్పడానికి వాడు లేడు. అవతలి టీమ్ గ్రౌండ్‌కి రాకపోతే వచ్చే గెలుపు లాంటిదది. అన్నీ ఇచ్చేయడం, ఏమీ ఇవ్వకపోవడం, రెండూ వాడి మౌనాన్ని నా సౌకర్యానికి వాడుకోవడమే.

ఆ రోజుల్లో నాకు పదేపదే గుర్తొచ్చింది బాలు, ఇళయరాజాల గొడవ. వాళ్లది కూడా ముందు ఒక బ్యాండే. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు బాలు ట్రూప్‌లో గిటారూ హార్మోనియమూ వాయించారు. ఆయన అన్న, తమ్ముడు కూడా అందులోనే ఉండేవారు. బాలు సినిమాల్లోకి వచ్చి 50 ఏళ్లయిన సందర్భంగా దేశదేశాల్లో కచేరీలు చేస్తున్నప్పుడు, 2017 మార్చిలో, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వచ్చింది. చట్టం తెలియదని, అయినా దానికి కట్టుబడి ఆ పాటలు పాడనని బాలు ఫేస్‌బుక్‌లో రాశారు. దీని మీద ఎవరినీ నొప్పించేలా మాట్లాడొద్దని అభిమానులను కోరారు. రెండేళ్ల తర్వాత, 2019 జూన్‌లో చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీకి రిహార్సల్ చేస్తూ ఇద్దరూ కౌగిలించుకున్న ఫొటో బయటికి వచ్చింది. ఏడాదిన్నర కూడా గడవకుండానే, 2020 సెప్టెంబర్ 25న బాలు పోయారు.

ఆ ఫొటోతో పాటు ఎవరిది తప్పో తేల్చిన ప్రకటన ఏదీ రాలేదు. పాట మీద హక్కు కంపోజర్‌దన్న తన వాదనను ఇళయరాజా వదులుకోలేదు. ఆ తర్వాత కూడా హక్కుల కోసం కోర్టులకు వెళ్తూనే ఉన్నారు. బాలు ఆసుపత్రిలో ఉండగా విడుదల చేసిన వీడియోలో, తమ స్నేహం సినిమాతో మొదలైంది కాదని, గొడవపడ్డా పడకపోయినా స్నేహం స్నేహమేనని అన్నారు. బాలు పోయాక తిరువణ్ణామలై వెళ్లి మోక్షదీపం వెలిగించారు. హక్కు ఎవరిదన్న ప్రశ్నకి ఒక గది, మనిషి కావాలన్న కోరికకి ఇంకో గది. ఒక గదిలో ఇంకా వాదన నడుస్తుండగానే రెండో గదిలోకి వెళ్లొచ్చని అక్కడ చూశాను. నేను మొదటి గదిలో గెలిచే దాకా రెండో తలుపు తట్టకూడదనుకున్నాను. 2019లో వాడి పుట్టినరోజుకి నేను పెట్టిన విషెస్‌కి ‘థాంక్స్’ అని రిప్లై వచ్చింది. తలుపు కొంచెం తెరిచే ఉందని నాకు తెలుసు.

మొదటి గదిలో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ట్యూన్ ఎవరిది? తెలుగులో దీనికి రాజ్-కోటి కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. టి.వి.రాజు కొడుకు, సాలూరి రాజేశ్వరరావు కొడుకు. ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేసి, 1980లలో జంటగా మొదలుపెట్టారు. ‘యముడికి మొగుడు’, ‘ముఠామేస్త్రి’, ‘హలో బ్రదర్’ టైటిల్స్‌లో ఇద్దరికీ కలిపి ఒకే పేరు. మధ్యలో చిన్న గీత. 1995కల్లా ‘సిసింద్రీ’ మీద రాజ్ పేరు, ‘పెదరాయుడు’ మీద కోటి పేరు విడివిడిగా ఉన్నాయి. 2023 మే 21న రాజ్ పోయారు. ఆ గీత ఉన్న రోజుల పాటల్లో ఏ లైన్ ఎవరిదో విన్నవాళ్లం ఎవరమూ చెప్పలేం.

మన 1957 కాపీరైట్ చట్టం కూడా దీన్ని ఊహించింది. ఒకరి భాగం ఇంకొకరి భాగం నుంచి విడిగా తీయలేనట్టు కలిసి చేసిన పనిని ఉమ్మడి రచన అంటుంది. మా ఆఫీసులో వాడే గిట్‌లో ‘బ్లేమ్’ అని ఒక కమాండ్ ఉంది. కోడ్‌లో ఏ లైన్ ఎవరు చివరగా మార్చారో పేరుతో సహా చూపిస్తుంది. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని “ఇలా రాసి చూడు” అన్నవాడి పేరు అందులో రాదు. కీబోర్డ్ ఎవరి చేతిలో ఉంటే వాడి పేరే. 2016లో నేను చేసింది సరిగ్గా అదే. కీబోర్డ్ నా చేతిలో ఉంది.

2022 మేలో, సంవత్సరీకం అయ్యాక, ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ టీ ఇచ్చి, “అంత పెద్ద గొడవైందా బిడ్డా? నాకు చెప్తే నేను మాట్లాడకపోదునా?” అంది. ఎంత పెద్దదో చెప్పడానికి నోరు రాలేదు. పాత ఫోన్‌లో ఆ రికార్డింగ్ ఉంటే ఆమెకి వినిపించాం. ఆరేళ్లలో నేను దాన్ని మొత్తంగా విన్నది అప్పుడే. హమ్మింగ్ అయిపోయాక వాడు ఆపలేదు. తొడల మీద చేతులతో ఒక నడక వేస్తూ ఇంకో నిమిషం పాటు కొనసాగించాడు. నేను కట్టానని ఇన్నాళ్లూ చెప్పుకున్న చరణం సరిగ్గా ఆ నడక మీదే కూర్చుని ఉంది. బాసిస్ట్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. స్వరాలు నావి. అవి నిలబడ్డ నేల వాడిది. కాల్‌లో ఏడుస్తూ మొత్తం ఇచ్చేసి ఉంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. నేరభావంతో ఇచ్చింది దానం అయ్యేది. విన్నాక ఇస్తే అది బాకీ.

ఇప్పుడు ఆ పాట కింద ‘సంగీతం’ అన్నచోట రెండు పేర్లున్నాయి, వాడిది ముందు. కార్డ్స్ నావని కూడా రాశాను, ఎందుకంటే అదీ నిజమే. దాని కింద ఇంకో వాక్యం ఉంది: “2016 నుంచి 2022 వరకు ఇక్కడ ఒక్క పేరే ఉండేది.” అది ఉండాలని పట్టుబట్టింది బాసిస్ట్. తప్పు దిద్దుతూ తప్పు జరిగిన గుర్తే చెరిపేస్తే అది రెండో తప్పని వాడి మాట. సింగర్‌కి ఇదంతా నచ్చలేదు. “వాడు పోయాడ్రా, మీరింకా లెక్కలేస్తున్నారు” అంటాడు. వాడి బాధ వాడిది. మేం ముగ్గురం ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. కానీ కలుస్తున్నాం. ఇంతకుముందైతే ఏకాభిప్రాయం వచ్చాకే కలిసేవాళ్లం, అందుకే అసలు కలిసేవాళ్లం కాదు.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. ఉమ్మడి రచన మీద హక్కు 60 ఏళ్ల పాటు ఉంటుంది. ఆ లెక్క మొదలయ్యేది కర్తల్లో ఆఖరివాడు పోయాక. ఎవరు ముందు పోయినా, మిగిలినవాడు ఉన్నంతకాలం ఇద్దరి గడియారమూ ఆగే ఉంటుంది. వాడి వంతు కూడా నేను బతికి ఉండటం మీద ఆధారపడి ఉందని తెలిసిన రోజు, ఐదు వేల వ్యూస్ కూడా లేని ఆ పాటని మళ్లీ ఒకసారి పెట్టుకుని విన్నాను. ఈసారి చరణం దగ్గర నా గిటార్ కింద ఏముందో వినపడింది.